గోనెసంచిలో కాలిపర్

మొన్న పామర్రులో వికలాంగుల ధ్రువపత్రాల శిబిరం పెట్టారు. గేటు పక్కన బల్ల వేసుకుని దరఖాస్తులు తీసుకుంటున్నాను. ఒకాయన వచ్చి గోనెసంచి కింద పెట్టాడు. లోపల్నించి ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు, వెనకే చెమట పట్టిన తోలు వాసన. తల ఎత్తకుండానే తెలిసిపోయింది, అందులో ఉన్నది కాలిపర్ అని. పోలియో కాలికి తొడిగే ఆ ఇనుప చట్రాన్ని తొమ్మిదో ఏట నుంచి మోస్తున్నదాన్ని, నాకు తెలియదా! ఆయన వెనకాల పదేళ్ళ పిల్ల, అరచేతులు నేలకానించి పాక్కుంటూ వస్తోంది. ఒళ్ళు మండిపోయింది నాకు. కోపం ఆ తండ్రి మీద కాదు. నాకు కాలిపర్ చేసిచ్చిన దాసు గారు గుర్తొచ్చారు.

దాసు గారిది భవానీపురంలో చిన్న రేకుల షెడ్డు. కాలిపర్లు, వాటికి సరిపడే బూట్లు తయారు చేసేవారు. "మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు, నేను కాళ్ళు కుడుతున్నా" అని నవ్వేవారు. మా నాన్న ఉయ్యూరు చెరకు తోటల్లో కూలి. నన్ను భుజాన వేసుకుని రెండు బస్సులు మారి ఆ షెడ్డుకి తీసుకెళ్ళాడు. కొలతలు తీసుకున్న మూడు వారాలకి దాసు గారు నాకు కాలిపర్ తొడిగి, మోకాలి దగ్గర లాక్ టక్కున వేసి నిలబెట్టారు. అంత ఎత్తు నుంచి లోకాన్ని చూడటం నాకదే మొదలు. భయంతో కెవ్వుమన్నాను.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గానిలే. అదిగో, ఎదురుగా టీ బండి. నాకో టీ పట్రా."

"పిల్ల పడిపోద్దండీ," అన్నాడు నాన్న.

"పడితే లేస్తది. మీరు కూచోండి."

వెళ్ళేటప్పుడు రెండుసార్లు పడ్డాను. వచ్చేసరికి గ్లాసులో సగమే మిగిలింది, మిగతా సగంతో చెయ్యి చుర్రుమంది. దాసు గారు గ్లాసులోకి తొంగి చూసి, "సగమేనా? మిగతాది దారిలో నువ్వు తాగేశావేంటే!" అన్నారు. ఆ సగమే చప్పరిస్తూ తాగారు. తర్వాత తోలు మార్చడానికి వెళ్ళినా, నట్టు బిగించడానికి వెళ్ళినా ముందు టీ తేవాల్సిందే. తొణక్కుండా తేవడానికి నాకు ఏడాది పట్టింది.

తొంభై అయిదులో వికలాంగుల చట్టం వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకూ వాటా ఉంటుందన్నారు. నేను ఇంటరు అయ్యాక కొన్నాళ్ళకి ఆ కోటాలో ఒక గుమస్తా పోస్టు పడింది. దానికి మెడికల్ బోర్డు ఇచ్చే ధ్రువపత్రం కావాలి, అందులో కనీసం నలభై శాతం వైకల్యం ఉండాలి. ఇంకేముంది, మా పేటలో ప్రతివాడూ డాక్టరైపోయాడు. "కాలిపర్ వేసుకుని టకటకా నడిచెళ్తే నలభై ఎవడిస్తాడు? పాక్కుంటూ పోవాల" అన్నారు. నాన్న రెండు రోజులు నా మొహం చూడలేదు. మూడో రోజు, "ఒక్క పూటే గదమ్మా. ఉద్యోగం వస్తే నీ బతుకు నీదవుద్ది. నేనెన్నాళ్ళుంటాను?" అన్నాడు. దాసు గారిని అడగొచ్చు. ఆయన ఒప్పుకోరని తెలిసే అడగలేదు. కాలిపర్ మంచం కిందికి తోసి బయల్దేరాను.

ఆసుపత్రి వరండా అప్పుడే కడిగారు. ఫినాయిలు నీళ్ళలో పరికిణీ తడిసిపోతుంటే పాకుతున్నాను. ఎదురుగా రెండు చెప్పులు ఆగాయి. నాకు తెలిసిన చెప్పులే. ఉచిత కాలిపర్ల కొలతలకని ఆ రోజు దాసు గారిని పిలిపించారట.

"కాలిపర్ విరిగిందా తల్లీ?"

"లేదండీ. ఇంట్లో ఉంది."

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. పదేళ్ళు నన్ను నిలబెట్టిన మనిషి ఇస్త్రీ బట్టలతో ఆ తడి నేల మీద నా పక్కన చతికిలబడ్డారు. నా పేరు పిలిచేదాకా అలాగే కూచున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

లోపల డాక్టరు గారు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కాలు ఎత్తమన్నారు, తన చేతిని తొయ్యమన్నారు, టేపు పెట్టి కొలిచారు. కాలిపర్ వాడవా అని అడిగితే నిజం చెప్పేశాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు. "ఎవరు చెప్పారమ్మా మీకివన్నీ? మేం కొలిచేది కాల్లో ఉన్న బలాన్ని. నువ్వు నడిచొచ్చినా అంకె ఇదే." అరవై శాతం రాసిచ్చారు. నేను పాకిన వరండా అంతా దండగ.

ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకుని షెడ్డుకెళ్ళాను. వారం నుంచి క్షమాపణ కూర్చుకుని వెళ్ళినదాన్ని, డబ్బా మాత్రం ఆయన ముందు పెట్టాను. ఆయన బూటుకి మేకు కొడుతూనే, "స్వీట్లు తర్వాత. ముందు నాకో టీ పట్రా" అన్నారు. తెస్తూ తెస్తూ, ఇన్నేళ్ళకి మళ్ళీ సగం ఒలకబోశాను. ఆయన గ్లాసు అందుకుని అన్నారు: "చట్టం వచ్చిందని అందరూ చెప్పారమ్మా. బోర్డు కొలిచేదేంటో మీకు ఒక్కడూ చెప్పలా. నాకూ చెప్పాలని తోచలా. ఇకనించి నువ్వు చెప్పు."

దాసు గారు పోయి రెండేళ్ళయింది. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసింది. మా ఆఫీసు మెట్ల పక్కన ర్యాంపు కట్టారు, బస్సు పాసులిస్తున్నారు, ఇవేం చిన్న సంగతులు కావు. కానీ కాగితం మీదున్న మాటని గేటు దగ్గర నోటితో చెప్పే మనిషే ఉండడు. అందుకే ప్రతి శిబిరానికీ నేనే అడిగి గేటు దగ్గర డ్యూటీ వేయించుకుంటాను.

"కొలిచేది కాలినండీ, నడకని కాదు. సంచి విప్పండి" అన్నాను ఆ తండ్రితో. ఆయన నమ్మలేదు. చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి నా కాలిపర్ చూపించాను. దాన్ని చూశాక సంచి ముడి విప్పాడు. కాలు మడవడానికి నా లాక్ తీసి కింద కూచుని, పిల్లకి నేనే తొడిగాను. మోకాలి దగ్గర టక్కుమంది. పిల్ల లేచి నిలబడింది.

"అదిగో టీ బండి. నాకో టీ పట్రా తల్లీ."

తెచ్చింది. సగమే మిగిలింది, అదీ చల్లారిపోయింది. తాగాను.