వెనక సీటు మీద ధాన్యం బస్తా

కోడూరు నర్సమ్మగారి భర్తను తలుచుకుంటే, వెనక్కి చాచిన ఆయన ఎడమ చెయ్యే కనిపిస్తుంది. ఊళ్ళల్లో పురుళ్ళు పోసే భార్యను కాలవగట్ల వెంట పాత మోటారు సైకిలు మీద తిప్పేవారు. గొయ్యి వస్తే ఆమె ఎగిరిపడకుండా ఆ చేత్తో పట్టుకునేవారు.

చివరికి ఆమెకు నడుం పట్టేసింది. ఆయన బండి తీసుకుని అవనిగడ్డలో మా మెకానిక్ షెడ్డుకి వచ్చారు. నేను వెనక షాక్ అబ్జార్బర్లు మారుస్తున్నంతసేపూ ఆయన కూర్చోలేదు.

"అయిందాండీ? ఊళ్ళో ఒకామెకి నొప్పులొస్తున్నాయి. మా ఆవిడ సంచి సర్దుకుని కూర్చుంది."

బిగించాక, నా అలవాటు ప్రకారం వెనక సీటుకి మనిషి బరువుండే ధాన్యం బస్తా కట్టి నడిపి చూడమన్నాను. వీధి చివర గొయ్యి రాగానే ఆ ఎడమ చెయ్యి వెనక్కి వెళ్ళి బస్తాను పట్టుకుంది.

"ఎలా ఉందండీ?" అన్నాను, తిరిగి రాగానే.

"బస్తాకి బాగానే ఉంది. ఆవిడ కూర్చుంటే గానీ చెప్పలేనండీ" అంటూనే తాడు విప్పేస్తున్నారు.