ఫైనల్ రోజు నేను తలుపు తీయలేదు

నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నేను చెబుతుంటే రాసిపెట్టే మనిషి దొరికింది కాబట్టి ఇది కాగితం మీదికి వచ్చింది. రాతలో తప్పులుంటే నావి కావు. మాటలో తప్పులుంటే నావే.

మేముండేది అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, రెండో అంతస్తులో. మా ఆయన వంటవాడిగా ఈ దేశం వచ్చాడు. ఆ హోటల్ మూతపడ్డాక రెండు వీధుల అవతలి కాలేజీలో, బాస్కెట్‌బాల్ ఆడే జిమ్‌లో నేల తుడిచే పనికి కుదిరాడు. అద్దంలాంటి చెక్క నేల అది. ఆట సగంలో ఆపినప్పుడు మంచం అంత వెడల్పున్న తుడుపుకర్ర తోసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళేవాడు. "ఇంతమంది చూస్తుండగా ఇల్లు ఊడ్చేవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణేనే" అనేవాడు. ఆ పనివల్ల మాకు రెండు సీట్లు ఊరికే ఇచ్చేవాళ్ళు. తుడుపుకర్రలు పెట్టే గది పక్కన, మూలకి. పిల్లా జెల్లా లేని మాకు చలికాలమంతా ఆ మూలే సంసారం.

మా ఎదురు వాటాలో ఒక నర్సమ్మ, ఆమె కూతురు. తల్లికి ఆదివారాలు కూడా డ్యూటీ. అందుకని ఆ పిల్ల పదేళ్ళప్పటి నుంచీ మా ఇంట్లో పప్పన్నం తిని, మా ఆయన వెంట జిమ్‌కి పోయేది. ఆదివారం జిమ్ ఊరందరికీ తెరిచేవాళ్ళు. ఆయన బంతి పట్టినవాడు కాదు. చూసి చూసి నేర్చుకున్న విద్య. "బంతి వేసేది చేతులు కాదు తల్లీ, మోకాళ్ళు. వంచు, వంచు" అని ఇంట్లో కూడా అరిచేవాడు. ఆ పిల్ల పెరిగి ఆ కాలేజీలోనే చేరి ఆడపిల్లల జట్టులో ఆడింది.

మొదటిసారి అది ఆటకి బయల్దేరిన రోజు మా ఆయన నన్ను తోశాడు. "చెంబు తీసుకుని ఎదురు రా, పో" అన్నాడు. నేను రాగి చెంబుతో నీళ్ళు పట్టుకుని కిందికి దిగి, కార్లు ఆపే చోటు చుట్టూ తిరిగి వచ్చి, ఆ పిల్లకి ఎదురు నడిచాను. అది పగలబడి నవ్వింది. "ఆంటీ, వాట్ ఈజ్ దిస్? నాకు థర్స్టీ లేదు."

"తాగడానికి కాదే, శకునం. నడువు."

ఆ రోజు గెలిచారు. అంతే, ఇక మూడేళ్ళు నా చెంబు లేకుండా అది మెట్టు దిగలేదు. కారు మలుపు తిరిగాక మా ఆయన నా చేతిలోంచి చెంబు లాక్కుని ఆ నీళ్ళు గటగటా తాగేసేవాడు. "శకునం నీళ్ళు పారబోయకూడదు" అనేవాడు. అలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. ఆయనకి దాహం.

దీపావళి వెళ్ళిన వారానికి ఆయన గుండె ఆగిపోయింది. ఆ ఏటి ఆటలు అప్పుడే మొదలయ్యాయి.

ఆ తర్వాత నేను ఆ పిల్లకి ఎదురు పడలేదు. ఎవరూ నాకు చెప్పలేదు, చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో మా ఇంట్లో మేనత్త ఉండేది, మొగుడు పోయి పుట్టింటికి చేరినది. ఎవరు బయల్దేరినా ఆమె తలుపు వెనక్కి తప్పుకునేది. ఒకసారి మరిచిపోయి వాకిట్లో నిలబడితే, పెద్దవాళ్ళు నాచేత చెప్పించారు. "అత్తా, పక్కకి తప్పుకో" అన్నాను. ఏడేళ్ళ పిల్లని. ఆమె తప్పుకుంది. నవ్వుతూనే తప్పుకుంది. ఆ నవ్వు ఎలాంటిదో నాకు ఈ చలికాలం అర్థమైంది.

ఆట ఉన్న రోజున ఆ పిల్ల తలుపు కొట్టేది. "ఆంటీ, చెంబు?" నేను పలికేదాన్ని కాదు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తూ ఊపిరి బిగపట్టి నిలబడేదాన్ని. అది కాసేపు ఆగి వెళ్ళిపోయేది. ఆట అయ్యాక తలుపు కింద నుంచి పసుపు కాగితం ముక్క లోపలికి వచ్చేది. దాని మీద రెండు అంకెలు, పైన మనవి, కింద వాళ్ళవి. నాకు అంకెలు వచ్చని దానికి తెలుసు. మా ఆయన ఉన్నప్పుడు ప్రతి ఆట లెక్కా కిరాణా కొట్టు క్యాలెండర్ గడిలో నేనే వేసేదాన్ని. ఇప్పుడు ఆ కాగితం చూసి వేస్తున్నాను. పొద్దున నేను పనిచేసే కొట్లో ఇడ్లీ పిండి రుబ్బి, మధ్యాహ్నం ఇంటికి వచ్చాక నాతో మాట్లాడినవి ఆ రెండు అంకెలే.

ఓడుతూ గెలుస్తూ వాళ్ళు మార్చికి ఫైనల్ చేరారు. తెలియనివాళ్ళకి చెబుతాను. ఇలాంటి చిన్న కాలేజీలు కొన్ని ఒక గుంపుగా చేరి తమలో తాము ఆడుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. దాని ఫైనల్ గెలిచినవాళ్ళు దేశం మొత్తం కాలేజీల పోటీకి వెళ్తారు. ఓడినవాళ్ళకి ఆ రోజుతో ఆట సరి. ఆ పిల్లకి అది ఆఖరి ఏడు. చదువు కాగానే దేశం అవతలి కొసన ఫ్రీమాంట్‌లో ఉద్యోగం. ఓడితే ఇక జన్మలో జట్టుతో ఆడదు. గెలిస్తే కనీసం ఇంకొక్క ఆట. దానికి ఇంకొక ఆట, నాకు ఇంకొక కాగితం ముక్క.

శనివారం పట్టపగలు ఆట. పదకొండింటికి తలుపు కొట్టింది.

"ఆంటీ, ఈ రోజు ఫైనల్. ప్లీజ్."

నేను అద్దానికి కన్ను ఆనించి ఉన్నాను. భుజాన సంచి, జుట్టు బిగించి కట్టుకుంది.

"మీరు లోపలే ఉన్నారు ఆంటీ. మీ షూస్ ఇక్కడే ఉన్నాయి."

చెప్పులు బయట విడిచే అలవాటు నన్ను పట్టించింది. అయినా కదల్లేదు. కింద నుంచి వాళ్ళమ్మ హారన్ కొట్టింది. తలుపు కింద నుంచి ఒక టికెట్ జారి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

ఆ టికెట్ పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. ఆయన కుర్చీలో కాదు, నా దాంట్లో. పోకూడదు అనుకున్నాను. ఎదురు పడితే తప్పుగానీ వెనక నుంచి చూస్తే తప్పేముంది అని ఇంకో మనసు. ఆఖరికి తలకి శాలువా చుట్టుకుని మంచులో జిమ్ దాకా నడుచుకుంటూ పోయాను.

మా మూలకి వెళ్ళలేదు. అన్నిటికంటే పై వరసలో ఒక స్తంభం ఉంది, దాని వెనక కూర్చున్నాను. అక్కణ్ణించి చూస్తే మా రెండు సీట్లూ ఖాళీగా కనబడ్డాయి. జనం కిటకిటలాడుతున్నా ఎవరూ వాటిలో కూర్చోలేదు. సగం ఆటలో ఎవరో కొత్త మనిషి తుడుపుకర్ర తోశాడు. అంచులు వదిలేశాడు. మా ఆయన చూస్తే ఊరుకునేవాడు కాదు.

ఆట గురించి ఎంతని చెప్పను. పదమూడు పాయింట్లు వెనకబడి, ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చారు. ఆ పిల్ల రెండుసార్లు కింద పడింది, రెండుసార్లూ లేచింది. బోర్డు మీద మనవి అరవై ఒకటి, వాళ్ళవి అరవై మూడు. మిగిలింది నాలుగు సెకన్లు. అప్పుడు వాళ్ళ పిల్ల ఒకతె మన పిల్ల చేతిని కొట్టింది. ఈల వేశారు. రెండు ఫ్రీ త్రోలు. ఎవరూ అడ్డుపడకుండా గీత మీద నిలబడి వేసే బంతులు. వాటిని మా ఆయన దానమిచ్చిన బంతులు అనేవాడు.

ఆ బంతులు వేసేముందు అది ఎప్పుడూ మా మూలకి చూసేది. ఆయన కర్రకి ఆనుకుని నిలబడి మోకాళ్ళు వంచి చూపించేవాడు. ఆ రోజూ చూసింది. రెండు ఖాళీ సీట్లు. చూపు దించుకుని వేసింది. పడింది. అరవై రెండు.

ఇంకొకటి పడితే సమానం. అది బంతిని నేలకి కొడుతూ మళ్ళీ ఆ మూలకే చూస్తోంది. ఆ ఖాళీ వైపు అట్లా చూస్తుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. లేచి నిలబడ్డాను. స్తంభం పక్కకి వచ్చేశాను. శాలువా ఎప్పుడు జారిందో తెలియదు. అది తల ఎత్తింది. అంతమందిలో దాని కళ్ళు సూటిగా నా మీదే ఆగాయి.

నాలుగు నెలల తర్వాత దానికి ఎదురు పడ్డాను. పడ్డది అప్పుడు.

వేసింది. బంతి ఇనుప చుట్టు ముందు అంచుకి తగిలి బయటికి దూకింది. అవతలి పిల్ల పట్టుకుంది. గంట మోగింది.

ఎట్లా ఇంటికి వచ్చానో చెప్పలేను. తలుపు వేసుకుని, క్యాలెండర్ దగ్గర పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను. వెయ్యడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే తలుపు కొట్టింది. కాగితం రాలేదు. మళ్ళీ కొట్టింది.

"ఆంటీ, నేను ఇక్కడే కూర్చుంటా. నాకు ప్రాక్టీస్ లేదు, గేమ్ లేదు. లైఫ్ అంతా ఫ్రీ."

తీశాను. నిజంగానే నేల మీద కూర్చుని ఉంది. మోకాలికి ఐస్ సంచి కట్టుకుని, కళ్ళు ఉబ్బి.

"నా మొహం చూడకు తల్లీ" అన్నాను. "నా వల్లే పోయింది."

"ఏం పోయింది?"

"బంతి. నేను లేచి నిలబడ్డాను. నువ్వు చూశావు. మొగుడు పోయిన దాన్ని చూసి ఏ పని మొదలుపెట్టినా అది చెడుతుంది. అందుకే ఇన్నాళ్ళూ తలుపు తీయలేదు. ఆఖరికి దాచుకోలేకపోయాను."

అది నా వంక అట్లాగే చూసింది. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. చెంబు సంగతి తెలుసు, చెంబు ఎవరు పట్టకూడదో తెలియదు.

"అందుకా?" అంది. "ఆంటీ, అందుకా? అంకుల్ ఫ్యూనరల్ రోజు నేను ఒహైయోలో ఆడుతున్నా. రాలేదు. కోచ్‌ని అడిగితే పంపేవాళ్ళు. నేను అడగలేదు. ఏడుస్తానని భయమేసింది. మీరు డోర్ తీయకపోతే, దానికే కోపం అనుకున్నా. నాలుగు నెలలు అదే అనుకున్నా."

ఆ రోజు ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో నాకు గుర్తే లేదు.

అది ముక్కు తుడుచుకుంది. ఆపైన కోపం వచ్చింది దానికి. ఆ పిల్లకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకొకటి ఆంటీ. ఆ షాట్ నాది. టెన్ ఇయర్స్ నుంచి వేస్తున్నా. అది షార్ట్ అయింది, బికాజ్ నా కాళ్ళు అయిపోయాయి. మిస్ చేసింది నేను. నా మిస్ మీరు తీసుకోవద్దు. నాకు మిగిలింది అదొక్కటే."

నేనూ దాని పక్కన నేల మీద కూర్చున్నాను.

"మోకాళ్ళు వంచలేదు నువ్వు" అన్నాను మెల్లిగా.

"చూశారా?"

"పై వరస దాకా కనబడింది."

"అంకుల్ అయితే తిట్టేవారు."

"చీపురు తిరగేసేవాడు."

నవ్వబోయి ఏడ్చింది. లోపలికి వచ్చి పప్పన్నం తింది. వెళ్ళేటప్పుడు క్యాలెండర్ దగ్గర ఆగి, నేను వదిలేసిన గడి చూసి, పెన్సిల్ నా చేతికి ఇచ్చింది. అరవై రెండు వేశాను. దాని కింద అరవై మూడు. ఆ తర్వాతి గడులన్నీ తెల్లగా ఉన్నాయి. మార్చి చివరి దాకా, ఆ కింది నెలలు కూడా.

సోమవారం పొద్దున మళ్ళీ చప్పుడు.

"ఆంటీ, క్లాస్‌కి వెళ్తున్నా. మిడ్‌టర్మ్ ఎగ్జామ్ ఉంది. చెంబు."

"ఆట లేదుగా."

"ఉంటేనే వస్తారా? రండి."

రాగి చెంబు నాలుగు నెలల్లో నల్లబడిపోయింది. తోమే వ్యవధి లేదు. అట్లాగే నీళ్ళు పట్టుకుని మెట్లు దిగాను. కార్లు ఆపే చోటు చుట్టూ తిరిగి వచ్చాను. అలవాటు తప్పి సగం నీళ్ళు మంచు మీద పడ్డాయి. ఆ పిల్ల ఎదురుగా నడిచి వచ్చి, నా ముందు ఒక్క క్షణం ఆగి, కారెక్కింది. స్టీరింగ్ ముందు వాళ్ళమ్మ ఉంది. ఆమె మన దేశంలో పుట్టి పెరిగిన మనిషి, ఆమెకి తెలుసు. నా వైపు చూసింది, చెంబు వైపు చూసింది, తల తిప్పుకుని అద్దం మీది మంచు తుడిచే మీట నొక్కింది. ఆమెని తప్పు పట్టను. కన్నకూతురు కదా. నా చిన్నప్పుడు నాచేత ఆ మాట అనిపించినవాళ్ళూ చెడ్డవాళ్ళేం కాదు.

కారు మలుపు తిరిగింది. నేను అక్కడే నిలబడ్డాను. ఎప్పుడూ ఆ సమయానికి నా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి చెంబు లాక్కునేది. అలవాటుగా చెంబుని కొంచెం వెనక్కి పట్టుకుని ఉన్నానని నాకే ఆలస్యంగా తెలిసింది.

శకునం నీళ్ళు పారబోయకూడదు. మిగిలిన సగం నేనే తాగి పైకి వచ్చాను.