అక్క చదివిన ఆరు ఫారాలు

పుస్తకం రాయాలనుకునేవాళ్లకు నాలుగు మంచి సలహాలు చెప్పండి అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది. తరువాత జాలేస్తుంది. మొదటి పుస్తకం రాసిన ఏడాదిన్నరలో నేను వినని సలహా లేదు, పాటించి చూడని సలహా లేదు. పాటించిన ప్రతిదీ అంతకుముందు పాటించినదానికి అడ్డొచ్చింది. వాటిలో ఏది పట్టుకుని ఏది వదిలేసి ఉండాల్సిందో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

ఎనభైలు అయిపోవస్తున్న రోజులవి. నేను రేపల్లెలో టీచర్‌ని. అక్క బాపట్లలో నర్సు. నాన్న ముందే పోయారు. అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పంతొమ్మిది. నన్ను పెంచింది అక్కే. బి.ఏ. అయ్యాక ఎం.ఏ. చదువుతానని ఏడ్చి గోల చేస్తే, ఒక్క ముక్క వినిపించుకోకుండా టీచర్ ట్రైనింగ్‌లో చేర్పించింది కూడా అక్కే. "ముందు ఉద్యోగం తెచ్చుకో, తరవాత నీ ఇష్టం" అంది. ఉద్యోగం వచ్చింది గానీ ఆ కోపం పోలేదు. నా నవల ఆ కోపంలోంచే పుట్టింది. అందులో ఒక పెద్దక్క ఉంటుంది. రెండో అధ్యాయంలో చెల్లెలి కాలేజీ దరఖాస్తును పొయ్యిలో పెట్టేస్తుంది. మా అక్క ఏ దరఖాస్తునూ పొయ్యిలో పెట్టలేదు. రాసేటప్పుడు మాత్రం పెట్టినట్టే అనిపించింది.

నవల రాస్తున్నానని అక్కకు చెప్పాను. అందులో ఏముందో చెప్పలేదు.

మొదటి సలహా బాపట్లలో మా చర్చి వెనక వీధిలో ఉండే మాస్టారిది. తెలుగు లెక్చరర్‌గా రిటైరైన మనిషి, రెండు నవలలు అచ్చేసుకున్నవారు. "తెల్లవారుజామున నాలుగింటికి లేవాలమ్మా. రోజుకు మూడు పేజీలు. వెనక్కి తిరిగి చూడకూడదు. ఆఖరి వాక్యం రాసేదాకా ఎవరికీ చూపించకూడదు" అన్నారు. అలాగే లేచాను. నాలుగో రోజు బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలంతా తరగతుల్లోకి వెళ్లిపోయినా, నేను ఆవరణ మధ్యలో కళ్లు మూసుకుని నిలబడే ఉన్నాను. నిలుచునే నిద్రపోయాను. మా హెడ్‌మిస్ట్రెస్ అది భక్తి అనుకుని స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను మెచ్చుకుంది. నాకు సిగ్గేసింది.

రెండో సలహా తెనాలిలో ప్రెస్సు నడిపే ఆయనది. మాస్టారు చెప్పింది విని పడీపడీ నవ్వాడు. "వెనక్కి తిరిగి చూడకుండా రాస్తే ఆ చూసే పనేదో నేను చెయ్యాల్సొస్తుందండి. నలుగురికీ చదివి వినిపించండి. అసలు సగం అయిందన్నారుగా, అది ఇచ్చెయ్యండి. ఒక్క ఫారం అచ్చులో కనపడితే మిగతాది దానంతటదే వచ్చేస్తుంది" అన్నాడు.

ఫారం అంటే పదహారు పేజీలు. ఆ ప్రెస్సులో ఉన్న సీసపు అక్షరాలు ఒకటి రెండు ఫారాలకే సరిపోయేవి. ఒక ఫారం కూర్చి, ప్రూఫు దిద్ది, కాగితాలన్నీ అచ్చేశాక ఆ అక్షరాలు విప్పి గళ్లలో సర్దేవాళ్లు. మళ్లీ వాటితోనే తరువాతి ఫారం కూర్చేవాళ్లు. అంటే అచ్చయిపోయిన పేజీలో మార్పంటూ ఉండదు. ఇదంతా ఆయన వివరంగానే చెప్పాడు. నేనూ తలూపాను. తలూపానే గానీ బుర్రకెక్కలేదు. అచ్చులో నా వాక్యం చూసుకోవాలన్న ఆశ తప్ప ఇంకేమీ వినిపించలేదప్పుడు. సగం నవల ఆయన బల్ల మీద పెట్టేసి, తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజర్ ఎక్కి, దారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

మూడో సలహా అడక్కుండానే వచ్చింది. ఒక శనివారం అక్క చెరుకుపల్లి మీదుగా బస్సులో మా గదికి వచ్చింది. నేను చాప మీద బోర్లా పడుకుని రాస్తున్నాను. గుమ్మంలోంచే అందుకుంది.

"ఏంటే ఆ పడుకోవడం? నడుం ఉంటుందా పోతుందా? లే ముందు."

మర్నాడు వెళ్లేలోపు నా గది తీరే మార్చేసింది. బల్ల కిటికీ పక్కకు జరిపింది. అరగంటకోసారి లేచి దూరంగా ఉన్న పచ్చదనాన్ని చూడాలంది. పొద్దున కాలవ గట్టున మైలు నడవాలంది. తొమ్మిదింటికి దీపం ఆర్పేయాలంది. ఆసుపత్రిలో రోగి మంచానికి తగిలించే జ్వరం చార్టు ఒకటి తెచ్చి గోడకు కొట్టింది. ఉష్ణోగ్రత ఉండే చోట ఎన్ని గంటలు నిద్రపోయానో, నాడి ఉండే చోట ఎన్ని పేజీలు రాశానో నింపాలి. వారం వారం వచ్చి ఆ గీత పైకెళ్లిందా కిందికొచ్చిందా అని కళ్లజోడు సవరించుకుని చూసేది. పేజీలు తగ్గితే తిట్టేది. నిద్ర తగ్గితే ఇంకా తిట్టేది.

నా అయోమయం సరిగ్గా అక్కడే మొదలైంది. విన్న సలహాలన్నిటిలోకీ పని చేసింది అక్క చెప్పిందే. మెడనొప్పి పోయింది, కళ్లమంట తగ్గింది, కాలవ గట్టున నడుస్తుంటే వాక్యాలు వాటంతటవే వచ్చేవి. ఆ వచ్చిన వాక్యాలన్నీ అక్క మీదే. అక్క చెప్పినట్టు నడిచొచ్చి, అక్క వేసిన బల్ల ముందు నడుం నిటారుగా పెట్టి కూర్చుని, అక్కను తిట్టి రాసేదాన్ని. అది తప్పో ఒప్పో తెలియక, ఆ సంగతి ఆలోచించాల్సి వస్తుందని ఇంకో పేజీ రాసేదాన్ని. అక్కేమో ఆసుపత్రిలో నర్సులందరికీ "మా చెల్లి పుస్తకం రాస్తోంది" అని చెప్పుకుంటోందని తెలిసి, ఆ వారం పెన్ను కదలక, చార్టులో అబద్ధాలు నింపాను.

ఆరో ఫారానికి రాస్తుండగా ఆ పెద్దక్క నా చెప్పుచేతల్లోంచి జారిపోయింది. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడింది. అలా రాయాలని నేను అనుకోలేదు. ఆమె అక్కడ ఎందుకు కూర్చుందో, లేచి లోపలికి ఎందుకు రాలేదో నాకే తెలియదు. కొట్టేద్దామంటే చెయ్యి రాలేదు. ఆ కూర్చున్న మనిషి దరఖాస్తు పొయ్యిలో పెట్టే మనిషి కాదు. మరి రెండో అధ్యాయంలో పెట్టిందెవరు? మాస్టారికి ఉత్తరం రాస్తే, వెనక్కి తిరిగి చూడొద్దని ముందే చెప్పాను కదమ్మా అని కార్డు ముక్క వచ్చింది. పది రోజులు కొట్టుకులాడి, ఆ ఆరో ఫారం పేజీలూ అలాగే ప్రెస్సుకు పంపేసి, తరువాతి ఆదివారం తెనాలి వెళ్లాను.

"ఆ పొయ్యి సంగతి ఉన్న రెండో ఫారం మార్చాలండి" అన్నాను.

ప్రెస్సాయన నా వంక జాలిగా చూశాడు. "విప్పేసి నాలుగు నెలలైందమ్మా. మీ రెండో ఫారం అక్షరాలు ఈపాటికి పది పెళ్లిళ్ల శుభలేఖల్లో ఉన్నాయి. ఆరో ఫారం కూడా అచ్చయిపోయింది. నిన్న మీ అక్కగారు వచ్చారుగా, ఆరూ పట్టుకెళ్లారు."

"ఎవరు వచ్చారు?"

"మీ అక్కగారండి. మా చెల్లి పుస్తకం ఎక్కడ అచ్చవుతుందో చూద్దామని వచ్చానన్నారు. తప్పులేమైనా ఉంటే చెప్పండమ్మా, చివర తప్పొప్పుల పట్టికలో వేద్దాం అని నేనే ఇచ్చాను."

స్టేషన్‌కి ఎలా వచ్చానో, బాపట్ల బండిలో ఎక్కడ కూర్చున్నానో గుర్తులేదు. ఏం చెప్పాలి? ఆమె నువ్వు కాదక్కా అనాలా? నువ్వే గానీ ఇప్పుడు కాదు అనాలా? చీరాల వెళ్తున్న ఒకావిడ "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగితే, అవునండి అన్నాను. నన్ను పెంచిన ఒక్క మనిషీ ఇక నాతో మాట్లాడదేమో అనుకున్నాను.

అక్క క్వార్టర్సు వరండాలో కూర్చుని ఉంది. పెద్ద కాగితాలను మడతల దగ్గర కత్తెరతో కోసి, దొంతరగా ఒళ్లో పెట్టుకుంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"ఎందాకా చదివావక్కా?"

"అయిపోయింది."

"రెండో ఫారం..."

"అది కూడా అయిపోయిందనేగా చెప్తున్నాను."

అక్క కళ్లజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంటూ అంది. "పొయ్యి సంగతి వదిలెయ్. నాకు ఒక్కటి అర్థం కాలేదే. ఈ పెద్దక్క తెల్లారి లేచి వండుతుంది. చెల్లెలికి క్యారేజీ కడుతుంది. చర్చివాళ్లొస్తే వడ్డిస్తుంది. తొంభై ఆరు పేజీల్లో ఒక్కసారైనా కంచం ముందు కూర్చోదేంటి? మనిషన్నాక తినదా? ఇలాగైతే డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోద్ది."

ఆమె తిడుతోందో, ఏడిపిస్తోందో, లోపల ఏడుస్తోందో నాకు తెలియలేదు. కాగితాలు లాక్కుని తిరగేశాను. నిజమే. ఎక్కడా తినలేదు. కోపంతో కావాలని వదిలేసి ఉన్నా బాగుండేది. నాకసలు ఆ సంగతే తట్టలేదు.

"ఏడో ఫారం ఇంకా కూర్చలేదక్కా. అందులో పెడతాను" అన్నాను.

"పెట్టు మరి" అని లోపలికి వెళ్లింది.

సంచిలోంచి నోటుబుక్కు తీసి అక్కడే కూర్చున్నాను. పెద్దక్క పీట వాల్చుకుని కూర్చుంది అని రాశాను. కంచంలో అన్నం పెట్టుకుంది అని రాశాను. ఆ అన్నంలోకి ఏం వేయాలో తెలియలేదు. గోంగూర పచ్చడి అని రాసి కొట్టేశాను. నిజాంపట్నం ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర అని రాసి కొట్టేశాను. రెండూ నాకు ఇష్టమైనవి. అక్క చేతి వంట పద్నాలుగేళ్లు తిన్నాను. ఎంత తన్నుకున్నా మూడోది తోచలేదు. సిగ్గు చంపుకుని, కూర్చున్నచోటు నుంచే అడిగాను.

"అక్కా, నీకు ఏ కూరంటే ఇష్టం?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అక్క గుమ్మంలోకి వచ్చి నా నోటుబుక్కు వంకా, నా వంకా చూసింది.

"అది కూడా తెలియకుండా నా గురించి తొంభై ఆరు పేజీలు ఎలా రాశావే?" అంది.