ఎడమ కనుబొమ్మ మీది టేపు ముక్క

కంటి ఆసుపత్రిలో అందరూ ఆయన్ని కర్ర మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు, తన చదువే ఏడో తరగతితో సరి. గోడకున్న అక్షరాల పటం పక్కన నిలబడి, సన్నటి కర్రతో ఒక్కో అక్షరం చూపించి, వచ్చినవాళ్ళ చేత చదివించడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పటం. చివరి వరస దాకా నోటికొచ్చు. పటానికి వీపు తిప్పి కూడా కర్ర ఆనించగలడు. ఎవరైనా ఊహించి చెప్తే, "అమ్మా, అది చూసి చెప్పావా, తోచి చెప్పావా?" అని ఇట్టే పట్టేసేవాడు.

శుక్లాల ఆపరేషనంటే భయపడేవాళ్ళని ఒప్పించడంలో కూడా ఆయన్ని మించినవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళతో అక్కా, బావా అని వరస కలిపేసేవాడు. "ఇంత మీసం పెట్టుకుని చుక్కల మందుకి భయపడతావేంటి బావా?" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వితే, ఆ నవ్వుకి సిగ్గుపడి ఆ బావ సంతకం పెట్టేసేవాడు. భయపడే మనిషిని నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం అక్కడే పనిచేసే నాకు ఎప్పుడూ నచ్చలేదు. కానీ పని జరుగుతోంది కదా అని ఎవరం ఏమీ అనలేదు.

అలాంటి మనిషికి అరవై దగ్గర పడుతుండగా రెండు కళ్ళలోనూ పొర పట్టింది. కుడి కంట్లో మరీ ఎక్కువ. సిబ్బందికి ఏటా చేసే పరీక్షలో పటమంతా గడగడా అప్పజెప్పి బయటపడ్డాడు. "మాస్టారివి గద్ద కళ్ళు" అని డాక్టరమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు.

ఇంట్లో మాత్రం దాగలేదు. ఒకరోజు గది తలుపు వైపు చూసి, "రండి, రండి, కూర్చోండి" అన్నాడు. భార్య వంటింట్లోంచి తొంగి చూసింది.

"అది మీ వానకోటండీ. ఇంకెన్నాళ్ళు దాస్తారు?"

"చీకట్లో పొరపడ్డాలే."

"మధ్యాహ్నం రెండింటికి చీకటేంటి?"

అసలు సంగతి భయం. మెలకువగా పడుకుని, కంటి మీదకి కత్తి వస్తుంటే కదలకుండా ఉండాలి. వేలమందికి చెప్పిన ధైర్యంలో తనకంటూ చిటికెడు కూడా మిగల్లేదు. ఆ మాట బయటికి చెప్పడమంటే చచ్చేంత సిగ్గు.

అంతటితో పోతే అది ఆయన గొడవ. పోలేదు.

ఆపరేషన్ రోజు, ఏ కంటికి చెయ్యాలో ఆ కనుబొమ్మ మీద తెల్ల టేపు ముక్క అంటిస్తారు. కాగితం మీద కుడి, ఎడమ అని రెండు గళ్ళుంటాయి. టిక్కు ఏ గడిలో ఉంటే ఆ కన్ను. అది సిస్టర్ పని. ఆ పొద్దున పద్నాలుగు మంది ఉన్నారు, డాక్టరమ్మ తొందరపెడుతోంది. "మాస్టారూ, సగం మీరు చూడండి" అని సిస్టర్ టేపు చుట్ట ఇచ్చింది. కాగితం మీద రెండు గళ్ళూ కలిసిపోయి ఒకే మరకలా కనిపించాయి. ఆయన అడగలేదు. తోచినట్టు అంటించుకుంటూ పోయాడు.

ఒక ముసలమ్మ బల్లెక్కాక, "నాకు ఈ కన్ను బాగానే ఉంది కదమ్మా, దీనికెందుకు మందు?" అంది. డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. కాగితంలో కుడి, టేపు ఎడమ. అదృష్టం కొద్దీ ఆవిడ నోరున్న మనిషి.

డాక్టరమ్మ ముసలమ్మని బయటికి తెచ్చి మాస్టారి పక్కన కూర్చోబెట్టి, "ఎవరు అంటించారిది?" అని అరిచింది.

మాస్టారికి తెలుసు. పీకేటప్పుడు నొప్పి పుట్టకూడదని టేపు ఒక మూల మడిచి అంటించడం ఆయన అలవాటు. అంత దగ్గర్నుంచి చూస్తే ముసలమ్మ కనుబొమ్మ మీద ముక్కకి ఆ మూల మడిచే ఉంది. నేనే అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం ఆయన కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"నేనే అయ్యుంటాను మేడమ్" అంది సిస్టర్. ఆమెని ఆపరేషన్ గది నుంచి తీసేసి, చుక్కల మందు వేసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పదకొండేళ్ళ అనుభవం ఉన్న మనిషిని.

నలభై రోజులు ఆయన ఆ బల్ల వైపు వెళ్ళకుండా చుట్టూ తిరిగి నడిచాడు. ఆమెకి ముఖం చూపించలేకపోయాడు. ఒక పొద్దున ఎవరో మళ్ళీ ఆయన చేతికి టేపు చుట్ట ఇవ్వబోయారు. ఆయన దాన్ని అందుకోకుండా తిన్నగా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి, "నా కళ్ళు చూడండి మేడమ్. పటం మాత్రం వద్దు, అది నాకు నోటికొచ్చు" అన్నాడు. అంతవరకే చెప్పాడు. ఆమె దీపం వేసి చూసి, "పొర పట్టి రెండేళ్ళ పైమాటే! ఇన్నాళ్ళూ ఎలా పనిచేశారు?" అంది. ముందు కుడి కంటికి రోజు పెట్టారు.

షుగరు, బీపీ చూశారు. మూడు రోజుల ముందు నుంచి వెయ్యమని చుక్కలిచ్చారు. భార్య సబ్బుతో చేతులు కడుక్కుని, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని వేసేది. సీసా దగ్గరికి రాకముందే ఆయన కన్ను మూసేసేవాడు. "మీరేనా ఊరందరికీ ధైర్యం చెప్పేది?" అని నవ్వేది. ఇదివరకైతే ఆయనా ఓ మాట విసిరేవాడు. ఇప్పుడు ఆవిడ కొంగు గట్టిగా పట్టుకునేవాడు. ఆపరేషన్ ముందు సాయంత్రం మళ్ళీ కొన్నాళ్ళు కుదరదని తలస్నానం చేయించి, గోళ్ళు కూడా తీసింది.

మర్నాడు పచ్చ గౌను తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు. పక్కాయన గుర్తుపట్టి, "మాస్టారూ, మీరూనా?" అని నవ్వాడు. బీపీ నూట ఎనభై వచ్చింది. అది దిగితే గానీ లోపలికి తీసుకెళ్ళరు. ఆ సిస్టరే సీసా పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"తల వెనక్కి పెట్టండి మాస్టారూ."

"అమ్మా, ఆ రోజు టేపు అంటించింది నేను."

ఆమె సీసా దించింది.

"నాకు కాగితం కనపడలేదు. మడిచిన మూల చూసి నేనేనని అప్పుడే గుర్తుపట్టాను. నీ మీద పడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. నన్ను తిట్టమ్మా."

ఆమె తిట్టలేదు. మెల్లగా అంది. "నేనే అనుకున్నాను. ఆ రోజు నుంచి ఏది కుడో ఏది ఎడమో నా మీద నాకే నమ్మకం పోయింది. ఇంట్లో పిల్లల కాళ్ళకి చెప్పులు తొడిగేటప్పుడు కూడా రెండుసార్లు చూసుకుంటున్నాను."

ఆయన కళ్ళు నిండిపోయాయి. ఆమె కనురెప్ప పట్టి చుక్క వేసింది. అది నీళ్ళతో పాటు చెంప మీదకి జారిపోయింది.

"ఏడవకండి, మందు పోతుంది" అని మళ్ళీ వేసింది. రెండోసారి నిలిచింది. కాసేపటికి ఆ కంట్లో ఉన్న కాస్త చూపూ చెదిరిపోయి అంతా తెల్లటి వెలుగే మిగిలింది.

ఆయన లేచాడు. "మేడమ్‌కి చెప్పొస్తాను."

"ఇప్పుడు చెప్తే ఈరోజు ఆపరేషన్ ఉండదేమో. ఉద్యోగం కూడా..."

"ఉండకపోతే పోనీ."

డాక్టరమ్మ గదికి ముప్పై అడుగులుంటుంది. ఆయన గోడ తడుముకుంటూ బయలుదేరాడు. చుక్కలు వేశాక ఎవరు లేచినా మోచెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఆమె. మాస్టారి మోచెయ్యి పట్టుకోలేదు. సీసాకి మూత పెట్టి, ఆయన తలుపు దాకా వెళ్ళడం చూస్తూ అక్కడే నిలబడింది.