స్టాండు మీద సైకిలు

గడ్డి కోసే మిషను ఒకటి మా ఇంట్లో మూల పడి ఉండేది. జీడితోటలో గడ్డి కొట్టడానికి అన్నయ్య కొన్నది. తోట కౌలుకి ఇచ్చేశాక దాని గొట్టం వంగిపోయింది, బ్లేడు తుప్పు పట్టింది, చివర ఉన్న చిన్న ఇంజిన్ మాత్రం తాడు లాగితే చాలు, లేచి కూర్చునేది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. నేను నర్సీపట్నంలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఏటా ఆ నాలుగు స్ట్రోకులూ బోర్డు మీద గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ చెబుతాను. అంతే తప్ప సొంత చేత్తో ఒక ఇంజిన్ బోల్టు విప్పిన పాపాన పోలేదు. అలాంటివాణ్ణి ఆ ఇంజిన్‌ని అన్నయ్య సైకిలుకి బిగిస్తానని కూర్చున్నాను. అన్నయ్య గుండె పాడైంది కాబట్టి.

విశాఖలో డాక్టరు గుండె పంపింగ్ బాగా తగ్గిపోయిందన్నాడు. మందులిచ్చాడు, ఉప్పు తగ్గించమన్నాడు, సైకిలు తొక్కడం మానేయమన్నాడు. మొదటి రెండూ అన్నయ్య పట్టించుకున్నాడు. మూడోదానికి మాత్రం మనిషి కుంగిపోయాడు. మా మడి నాతవరం రోడ్డులో, కాలువ వంతెన దాటాక ఉంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అన్నయ్య రోజూ పొద్దున్నే సైకిలు మీద మడికి వెళ్ళి రావడమే చూశాను. నేను చదువుకుని చొక్కా నలగని ఉద్యోగం చేసుకుంటున్నానంటే ఆ సైకిలు పుణ్యమే. ఒకే ఇంట్లో కింద వాటాలో వాళ్ళు, పై వాటాలో మేము. పొద్దున్నే కింద సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినబడకపోతే ఇల్లు ఇల్లులా అనిపించేది కాదు.

నా బండి మీద తీసుకెళ్తానన్నాను.

"నీ ఎనకాల మూటలాగ కూకుని నా మడికి నానెల్లాలా?" అన్నాడు.

ఆటోలో ఒకసారి వెళ్ళాడు. గట్టు దగ్గర దిగకుండా అటునుంచి అటే తిరిగి వచ్చేశాడు, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. మోపెడ్ కొందామంటే, దాన్ని ఎత్తి స్టాండు వెయ్యడానికే తన ప్రాణం పోతుందన్నాడు. సైకిలైతే ఎక్కడ ఆగిపోయినా తోసుకుంటూ వచ్చెయ్యొచ్చట. ఆ సంవత్సరం పంట కోసేలోగా ఒక్కసారి, ఎవరూ మోసుకెళ్ళకుండా, తన సైకిలు మీద తను మడికి వెళ్ళాలి. ఆయన అడిగింది ఇదొక్కటే. జీవితంలో నన్ను ఏదీ అడగని మనిషి అడిగితే కాదనడం ఎలా?

ఇంటర్నెట్‌లో వీడియోలు చూస్తే అంతా నల్లేరు మీద నడకలా ఉంది. అందరూ ఇంజిన్‌ని వెనక క్యారేజీ మీద బిగిస్తున్నారు. నేనూ క్యారేజీ విప్పబోతే అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"క్యారేజీ జోలికి ఎల్లకు."

"గడ్డిమోపులు తేవాలా ఏమిటి ఇంకా?" అన్నాను విసుగ్గా.

"మోపులు కాదురా. మీ వదిన ఎక్కడ కూకుంటాది?"

వదిన వంటింట్లోంచి నవ్వింది. పెళ్ళయిన కొత్తలో ఆమె ఆ క్యారేజీ మీదే మడికి వెళ్ళేదట. నడుం నొప్పి వచ్చాక మానేసింది. అయినా సరే, ఆయన మాట ఆయనదే. దాంతో ఇంజిన్‌ని ముందు కడ్డీ కింద, రెండు కాళ్ళ మధ్య ఇరికించాల్సి వచ్చింది. ఇంజిన్ తిరిగే వేగం చక్రానికి పనికిరాదు. వేగం తగ్గించడానికి మధ్యలో ఒక చిన్న గేరు డబ్బా, వెనక చక్రానికి ఎడం పక్క ఒక పెద్ద పళ్ళ చక్రం కావాలి. లేత్ షాపులో చేయించి తెస్తే పళ్ళ చక్రం ఒక వారకి ఊగేది, చైను పడిపోయేది. చక్రం పుల్లల మధ్య రబ్బరు ముక్కలు పెట్టి మళ్ళీ మళ్ళీ బిగించాను. పుస్తకంలో ఎక్కడా లేని తిట్లు ఆ చైనుని తిట్టాను. సైలెన్సరు వేడి మోకాలికి తగలకుండా నూనె డబ్బా రేకు కత్తిరించి అడ్డం పెట్టాను. అన్నయ్య పంచె చైనులో పడకుండా ఇంకో రేకు. చూడ్డానికి సైకిలు కట్టు కట్టిన కాలిలా తయారైంది. అన్నయ్య మాత్రం పెళ్ళికూతుర్ని చూసినట్టు చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

తాడు లాగే ఓపిక ఆయనకి లేదు. వదిన కొంగు బిగించి లాగింది. ఇంజిన్ అందుకుంది. స్టాండు మీద వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగింది. ఆ సాయంత్రం నాకు కలిగినంత గర్వం ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

మర్నాడే బయలుదేరుదామనుకున్నాం. వదిన వాకిట్లో అడ్డం నిలబడింది.

"మూఢం నడస్తంది. కొత్త బండి మూఢంలో తియ్యకూడదు."

"సైకిలు పాతది, ఇంజిన్ పాతది, తొక్కినోణ్ణి నాను పాతోణ్ణి," అన్నాడు అన్నయ్య. "ఇందులో కొత్తదేటి సెప్పు."

నేనూ వాదించాను. ఇంట్లో అదే చర్చ: ఇంజిన్ బిగించిన పాత సైకిలు కొత్త బండి అవుతుందా, అవదా? చివరికి పంతులుగారిని పిలిచి అడిగాం. ఆయన వాకిట్లోకి వచ్చి, సైకిలు చుట్టూ తిరిగి చూసి, "ఇంజిన్ పెట్టాక అది వాహనమేనమ్మా. మూఢం పోనివ్వండి. మంచిరోజు చూసి నిమ్మకాయలు తొక్కించి తీద్దాం," అన్నారు. ఆయన్ని అనడానికి లేదు, అడిగితే చెప్పారు. వదిన భయం కూడా సైకిలు గురించి కాదు. అంత పెద్ద జబ్బు మనిషిని రోడ్డు మీదకి పంపడానికి ఆమెకి ఒక మంచి ఘడియ అండగా కావాలి.

నేను రుసరుసలాడుతుంటే అన్నయ్యే సర్దిచెప్పాడు. "మడి ఎక్కడికి పోద్దిరా? ఆవిడ మనసు కష్టపెట్టి నానెక్కడికెల్తాను?"

అప్పటినుంచి సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో ఒకటే భాగోతం. సైకిలు స్టాండు మీదే ఉంటుంది. అన్నయ్య ఎక్కి కూర్చుంటాడు. వదిన తాడు లాగి, పక్కన అరుగు మీద చిక్కుడుకాయలో, బెండకాయలో ముందేసుకుని కూర్చుంటుంది. అన్నయ్య యాక్సిలరేటర్ తిప్పుతాడు. చక్రం గాల్లో తిరుగుతుంటే ఆయన మడికి బయలుదేరతాడు.

"సెంటర్ దాటీసాం. ఇక్కడ ఆటోలోళ్ళు అడ్డం వచ్చేస్తారు, గట్టిగా పట్టుకో." కాసేపాగి, "చెరుకు బండి పోతంది, పక్కకి తీస్తన్నాను." ఇంకాసేపటికి, "వంతెన దాటీసాం. కాలవ నిండా నీల్లే. సూడు, తాండవ ఏరు ఈ ఏడు మోసం సెయ్యలేదు."

వదిన ముచ్చికలు తుంచుతూనే, "మెల్లిగా ఎల్లండి, మీకు అన్నీ బేగి బేగే," అనేది. ఆయన నిజంగానే చెయ్యి కొంచెం వదిలేవాడు. వంతెన దాటాక గట్టు మీదకి మలుపు వస్తుంది. అక్కడికి రాగానే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేవాడు. చక్రం నెమ్మదించి ఆగేది. అప్పుడు వెనక్కి తిరిగి క్యారేజీ వైపు చూసి, "వచ్చీసాం, దిగు," అనేవాడు.

క్యారేజీ మీద ఎవరూ ఉండేవారు కారు. అరుగు మీద వదిన, "దిగేనండి," అనేది. మేమంతా నవ్వేవాళ్ళం. నాకు లోపల బాధగానే ఉండేది, అయినా నవ్వేవాణ్ణి.

చేను పొట్ట మీద ఉందని నేను కబురు తెచ్చిన వారంలోనే అన్నయ్య పోయాడు. పొద్దున్న టీ తాగి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వదిన మాత్రలు, మంచినీళ్ళు పట్టుకొచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. నేను పైనుంచి పరుగెత్తుకొచ్చాను. చెయ్యి వెచ్చగానే ఉంది, మనిషే లేడు.

మూఢం ఇంకా పోలేదు.

కార్యక్రమాలు జరిగాయి. చుట్టాలు వచ్చారు, తిన్నారు, అన్నయ్య మంచితనం చెప్పుకున్నారు, వెళ్ళిపోయారు. సైకిలు మీద ఆయన పాత పంచె ఎవరో కప్పారు. నాకు దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. ఎవరి మీద కోపమో తెలియని కోపం. వదిన మీదనా? పైట మొహానికి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మీద ఎవరికి కోపం వస్తుంది? ఒకసారి నేను భోజనం పట్టుకెళ్తే ఆవిడే అంది: "ఆయన్ని నానే ఆపీసాను బాబూ." కంచం ఆవిడ పక్కన పెట్టి వచ్చేశాను.

పెద్దకర్మ అయిన మూడోనాడు సాయంత్రం ఇంజిన్‌లో పెట్రోలు తీసెయ్యాలని పంచె తొలగించాను. చప్పుడుకి వదిన గదిలోంచి బయటికి వచ్చింది. ఆమె ఇంకా కొన్నాళ్ళపాటు గడప దాటకూడదు. మాకు అది పద్ధతి. వదినకి తోడుగా ఉండిపోయిన మా పిన్ని అరుగు మీంచి గాభరాగా లేచింది.

వదిన తిన్నగా సైకిలు దగ్గరికి వచ్చి తాడు లాగింది. మొదటిసారికి అందుకోలేదు. మళ్ళీ లాగింది. ఇంజిన్ లేచింది.

"ఎక్కు బాబూ," అంది నాతో. "మడి కాడికి ఎల్దాం."

"ఓలమ్మా, ఏటే ఇది," అంది పిన్ని. "గడప దాటకూడదు కదే. పైగా మూఢం కూడా ఎల్లలేదు."

"ఆయన మూఢం సూసుకుని ఎల్లేరేటి పిన్నీ?" అంది వదిన.

నేను స్టాండు తీశాను. వెనక చక్రం మొదటిసారి నేలకి ఆనింది. వదిన క్యారేజీ మీద ఒక పక్కకి కూర్చుని, సీటు కింద కడ్డీ పట్టుకుంది. ఇద్దరి బరువుకి ఇంజిన్ మూలిగింది, నేను పెడల్ కూడా తొక్కాను. వీధిలో వాళ్ళు చూస్తూ నిలబడిపోయారు. కొత్తగా కర్మ అయిన ఇంటి ఆడమనిషి, ఇంజిన్ సైకిలు మీద, నలుగురి ఎదుటా.

"సెంటర్ దాటీసాం," అంది వెనకనుంచి.

ఎవరితో అంటోందో నాకు తెలుసు. నేను తిరిగి చూడలేదు. కళ్ళలో నీళ్ళతో రోడ్డు సరిగ్గా కనిపించడం లేదు. రేకు వేడెక్కి మోకాలికి తగులుతోంది. అన్నయ్య కాలికి తగలకూడదని పెట్టిన రేకు.

"వంతెన దాటీసాం. కాలవ నిండా నీల్లే."

నిజంగానే నిండుగా ఉంది. గట్టు మీదకి తిరిగాం. చేను కంకి వేసి, గాలికి ఒక పక్కకి వాలుతూ ఉంది. యాక్సిలరేటర్ వదిలేశాను. సైకిలు ఆగింది. కాళ్ళు రెండూ నేలకి ఆనించి నిలబడ్డాను.

వదిన దిగలేదు. నడుం నొప్పేమో, పట్టుకుని దింపాలేమోనని వెనక్కి తిరిగాను. ఆమె చేను వైపు చూడడం లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, తల కొంచెం ఎత్తి, అలాగే కూర్చుని ఉంది. ఒక మాట కోసం ఆగింది. ఆ మాట అనాల్సిన మనిషి లేడు.

నేనే అన్నాను. ఆయన ఎలా అనేవాడో అలాగే అన్నాను.

"వచ్చీసాం, దిగు."

"దిగేనండి," అంది వదిన.