ముత్యంలా నిలబడ్డ చుక్క

పొద్దున్నే సీట్ల గది తలుపు తీయగానే రంగక్క చేసే మొదటి పని ఒకటే. స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుని, అందులో చూపుడువేలు ముంచి, ఆ రోజు రంగు వేయాల్సిన ప్రతి సీటు మీదా ఒక్కో చుక్క విదిలిస్తుంది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తూ నిలబడుతుంది. చుక్క తోలులోకి ఇంకి, ఆ చోటు నల్లబడితే సరే. ముత్యంలా అలాగే నిలబడిందో, ఇక ఆ సీటుకి ఆ రోజు రంగు లేనట్టే. ముందురోజు సాయంత్రం కూడా ఇదే పరీక్ష చేసి ఉంటుంది. అయినా మళ్ళీ చేస్తుంది. మూడేళ్ళ కిందటి దాకా ఈ రెండో పరీక్ష లేదు. అది కోపంలోంచి పుట్టిన అలవాటు.

పాత కార్లలో వెలిసిపోయి, పగుళ్ళు తేలిన తోలు సీట్లకి మళ్ళీ ప్రాణం పోయడం ఆమె అత్తింటి పని. ఆ పని ఆమెకి పుట్టింటి నుంచి రాలేదు, మామగారు నేర్పారు. ఆయన పెద్దకొడుకు, అంటే రంగక్క మొగుడు, బస్సు డ్రైవరుగా వెళ్ళిపోయాడు. చిన్నకొడుకు ఈ పని జరిగే షెడ్డులోనే ఉన్నాడు కానీ, వాడికి నోరు తిరిగినంత వేగంగా చెయ్యి తిరగదని ఆయనే అనేవారు. కోడలి కన్ను మాత్రం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. ఎండ తగలని కుట్టు మడతని విప్పి, లోపల మిగిలిన అసలు రంగుని ఒక్కసారి చూస్తే చాలు, పది గిన్నెలు కలిపైనా సరిగ్గా ఆ రంగే తెచ్చేది. రంగక్క అనే పేరు అలా స్థిరపడిపోయింది. ఆయన పోయాక రంగు కొట్టే గన్ ఆమె చేతికొచ్చింది, ముందు గదిలో బల్లా కుర్చీ మరిదికి దక్కాయి.

మూడేళ్ళ కిందట ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ తన పాత కారు తెచ్చింది. అందరూ ఆమెని పెద్ద టీచరుగారు అంటారు. సీట్లు ఒకప్పుడు దానిమ్మగింజ రంగులో ఉండేవట. ఇప్పుడు ఎండిన ఇటుకలా ఉన్నాయి. రంగక్క మూడు రోజులు వాటిని కడిగింది. ఇరవై ఏళ్ళ చేతి జిడ్డు వదిలించింది, ఎమ్రీ కాగితంతో మెల్లగా రుద్దింది, పగుళ్ళలో మెత్తటి లప్పం నింపింది. సాయంత్రం నీటిచుక్క వేసింది. ముందూ వెనకా అన్ని సీట్లలోనూ ఇంకింది. మర్నాడు రంగు కొట్టింది.

పదో రోజున పెద్ద టీచరుగారు కారుతో తిరిగొచ్చింది. ముందు సీట్ల రంగు, ఎండకి కాలిన వీపు మీద చర్మంలా, పొరలు పొరలుగా లేచిపోతోంది.

రంగక్క లోపల సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది. ముందు గదికి అడ్డంగా కట్టిన తెర అవతల మరిది గొంతు తేనె పూసుకుని వినిపించింది.

"తప్పు మాదే టీచరుగారూ. ఏం చెయ్యమంటారు, మా వదినకి ఈ మధ్య చూపు ఆనడం లేదు. పెద్దది, మొహం మీద చెప్పలేక ఊరుకుంటున్నాం. రంగుకి వేరే మనిషిని మాట్లాడాను లెండి. ఇక వదిన కుట్టుపని చూసుకుంటుంది."

రంగక్క ఒళ్ళు భగ్గుమంది. సూదితోనే బయటికొచ్చింది.

"చూపు ఆనకపోతే ఈ సూదిలో దారం ఎవరెక్కించారయ్యా? నీ నాలుకా?"

"చూశారా టీచరుగారూ, కోపం కూడా ఎక్కువైంది," అన్నాడు మరిది, జాలి పడుతున్నట్టు.

టీచరుగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రేపొస్తానని కారు అక్కడే వదిలి వెళ్ళింది.

ఇంటికి వెళ్ళి మొగుడికి చెప్తే ఆయన చొక్కా విప్పుతూ అన్నాడు: "వాడు నా తమ్ముడు, నువ్వు నా పెళ్ళానివి. నేను బస్సు నడిపేవాణ్ణి. ఎదురుగా రెండు బండ్లు పోటీ పడి వస్తుంటే పక్కకి తీసి ఆపుతాను."

"ఆపండి, ఆపండి. మీరు పక్కకి తీసి ఆపిన బస్సు ఇరవై ఏళ్ళయినా కదల్లేదు."

గన్ పోతే తనకి మిగిలేదేమిటో ఆమెకి తెలుసు. తెర వెనక ముక్కాలిపీట, మరొకడు కలిపిన రంగుకి సరిపోయే దారం వెతుక్కోవడం.

మర్నాడు పొద్దున్నే కారు తలుపులు నాలుగూ బార్లా తీసింది. వెనక సీటుని గోటితో గీకింది. రంగు రాలేదు. ముందు సీటుని ముట్టుకుంటే చాలు, ఊడింది. ఒకే గిన్నె, ఒకే చెయ్యి, ఒకే రోజు. లేచిన పొర కింద తోలు మీద నీటిచుక్క వేసింది. అది ముత్యంలా నిలబడి ఆమె వంక చూసింది. ముక్కు ఆనించి వాసన పట్టింది. చప్పరించే నారింజ బిళ్ళల్లాంటి తీపి వాసన. షైనరు! పని పూర్తయిన సీట్లకి మెరుపు కోసం కొట్టే సరుకు. అది పడ్డ తోలు రంగుని పట్టుకోదు. షెడ్డులో దాని సీసా కనిపిస్తే మామగారు కాలవలోకి విసిరేవారు. ముందురోజు సాయంత్రం చుక్క ఇంకింది కాబట్టి, ఇది పడింది రంగు వేసిన పొద్దునే, తను రాకముందు, ఎవరికో మెరుపు చూపించడానికి.

టీచరుగారు రాగానే రంగక్క ఒకే ఒక్క మాట అడిగింది. "టీచరుగారూ, రంగు వేసిన రోజు పొద్దున మీరిక్కడికి వచ్చారా?"

"వచ్చానమ్మాయ్, నువ్వింకా రాలేదు. సీట్లు ఎలా తయారవుతాయో చూడాలనిపించి అడిగాను. మీ మరిది ముందు సీట్ల మీద ఏదో కొట్టి, బట్టతో తుడిచి చూపించాడు. ఎంత తళతళలాడాయనుకున్నావ్!"

మరిది బల్ల సొరుగులో లేని వస్తువు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా?" అంది రంగక్క.

"ఒక్క పిసరు వదినా. ఆవిడ ముచ్చట పడుతుందని. ఇంత అవుతుందని ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. నాకు చెప్పావా? పోనీ, రంగు లేచినప్పుడు నీకూ తెలిసింది. తెలిసి నా కళ్ళ మీదకి తోశావు. తెలియక చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని."

అప్పుడు పెద్ద టీచరుగారు, పిల్లల కాపీ పుస్తకంలో తప్పు పట్టుకున్నట్టు, నెమ్మదిగా అడిగింది. "అయితే ఆ పొద్దున నువ్వు మళ్ళీ చుక్క వేసి చూడలేదా అమ్మాయ్?"

ఆ మాట సూదిలా దిగింది. రంగక్క మొహం ఎర్రబడింది. తాళం వేసిన గదిలో, తన చేత్తో శుభ్రం చేసిన సీటు పొద్దుటికి పాడవుతుందని ఆమె ఎందుకనుకుంటుంది? కానీ మామగారైతే ఆ మాట ఒప్పుకునేవారు కాదు. గన్ పట్టుకున్నవాళ్ళదే ఆఖరి చూపు అనేవారు ఆయన. అంతసేపూ మరిది మీదే ఉన్న కోపం సగం విరిగి తన మీదకి తిరిగింది.

"చూడలేదు టీచరుగారూ. తప్పే. ఆ తప్పు నా బుద్ధిది. నా చూపుది కాదు." తర్వాత మరిది వైపు తిరిగింది. "నా తప్పు నేను చెప్పాను. నీది నువ్వు చెప్పు."

"వదిన చూపు బాగానే ఉంది," అని గొణిగాడు మరిది.

"నేలకి చెప్తావేం? నేల తెచ్చిందా కారు? టీచరుగారికి చెప్పు."

తలెత్తి చెప్పాడు. ఆ రంగు మనిషి ఇక రానక్కర్లేదని కూడా టీచరుగారి ఎదుటే ఫోను చేయించింది.

ముందు సీట్ల రంగంతా ఊడ్చి, షైనరు వదిలే దాకా కడిగి, మళ్ళీ దానిమ్మ రంగు తేవడానికి పన్నెండు రోజులు పట్టింది. కారు వెళ్ళిపోయిన సాయంత్రం మరిది రెండు కప్పుల టీ తెప్పించి, ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"ఇంక మర్చిపో వదినా. ఇంట్లో వాళ్ళం."

"మర్చిపోతా. నా చూపు పోయిందని ఎంతమందికి చెప్పావో వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, పోలేదని చెప్పిరా. ఆఖరివాడికి చెప్పిన రోజున మర్చిపోతా."

టీ అలాగే చల్లారింది.

మరిది ఎవరికీ చెప్పలేదు. దారాల కొట్టతను ఇప్పటికీ "కళ్ళెలా ఉన్నాయక్కా?" అని అడుగుతాడు. టైర్ల షాపాయన ఒకసారి మంచి కళ్ళ డాక్టరు పేరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం తెచ్చి ఆమె మరిది బల్ల మీద పెట్టింది. ఆ రోజు రెండు గిన్నెల రంగు పాడుచేసుకుంది. చూపు తప్పి కాదు, కోపంతో.

రంగక్కకి ఇప్పుడు యాభై రెండేళ్ళు. రంగు కొట్టేది ఆమే. షెడ్డుకి అప్పట్లో ఒకటే తాళం, దాని చెవి మరిది దగ్గర ఉండేది. ఇప్పుడు రెండు తాళాలున్నాయి. ముందు గది తాళంచెవి మరిది దగ్గర ఉంటుంది, సీట్ల గదిది ఆమె దగ్గర.