అద్దాల వెనక రాజుగారు

శంషాబాదులో విమానాలు దిగడం మొదలైన కొత్తలో, నెత్తిమీద చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని ఆపి అందరం ఆకాశంలోకి చూసేవాళ్ళం. సరిగ్గా అప్పుడే నేను రిటైరయ్యాను. (అందరికంటే ఎక్కువసేపు చూసే తీరిక నాదేనన్నమాట. ఆ నెల నా డైరీ నిండా విమానాలే.) నా పుణ్యం కొద్దీ మా అమ్మాయి పెళ్ళిబట్టల బొటిక్ తెరిచి, తాళాలు తీసే పని, బిల్లులు సర్దే పని నాకు అప్పగించింది. ఆ దుకాణం లేకపోతే పగలు ఎలా గడిచేదో నాకే తెలియదు.

ఏటా దుకాణం పుట్టినరోజున పనిచేసేవాళ్ళంతా వేషాలు కట్టాలని మా అమ్మాయి ఒక ఆచారం పెట్టింది. రెండో ఏడు కటింగ్ మాస్టర్ పైలట్ వేషానికి సిద్ధపడ్డాడు. నాకేమో రాజు వేషం మీద మనసైంది. ఆ సంగతి మా ఆవిడ ముందే పసిగట్టింది.

“ఆఫీసుల సూపరింటెండెంట్ చేసినోడివి, ముసలితనంల గీ వేషాలేంది? నా కంట్ల పడ్డవనుకో, ఇగ దుకాణం మొకం చూడనియ్య!”

అన్నంత పనీ చేసే మనిషి. అయినా కట్టాను. జరీ షేర్వానీ, తలపాగా, మెలితిప్పిన మీసం. నన్ను చూసుకుని నేనే మురిసిపోతుంటే పైలట్ పరుగెత్తుకొచ్చాడు.

“సార్, అమ్మగారు వస్తున్నరు! వాళ్ళక్క గూడ ఉన్నది!”

దుకాణానికి వెనక తలుపు లేదు. మా అమ్మాయి నన్ను ముందరి అద్దాల వెనకకు, పెళ్ళికొడుకు బొమ్మ పక్కకు నెట్టింది. “బాపు, కదలకు. ఊపిరి గూడ జర చూసి తియ్యి.”

అక్కాచెల్లెళ్ళు నేరుగా బొమ్మల దగ్గరికే వచ్చారు. వదినగారు నా పొట్టమీద వేలితో పొడిచింది.

“ఏందే, బొమ్మలకు గూడ బొజ్జలొస్తున్నయా?”

“ఇంట్ల మంచిగ తినబెడుతున్నరేమో అక్కా,” అంది మా ఆవిడ.

నా ఎదురుగానే కుర్చీలు వేయించుకుని చాయ్ తెప్పించుకున్నారు. ముక్కుమీద ఈగ వాలింది. తోలుకోలేను. పైలట్ గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

“టైమెంతయిందే?” అంది వదినగారు.

మా ఆవిడ లేచి నా మణికట్టు మీదికి వంగింది. రాజుగారు చేతిగడియారం తీయడం మరిచారు! “నాలుగున్నర. గని ఐదు నిమిషాలు తీసెయ్యాలె. ఈ బొమ్మ గడియారం ఎప్పుడూ ముందే పెట్టుకుంటది.” (ఆఫీసు బస్సు తప్పకూడదని ఉద్యోగమంతా పాటించిన అలవాటు అది.)

దొరికిపోయాను. “రేపటినుంచి రావద్దా?” అన్నాను, మీసం కింద నుంచి.

ఆవిడ నా తలపాగా సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. “రాజు ఒక్కడే ఏం మంచిగున్నడు? పక్కన రాణి ఉండాలె గద,” అని పైలట్ వైపు తిరిగింది. “ఓ మాస్టరూ, నవ్వింది చాలు. టేపు పట్కరా.”

మరుసటి ఏడు అద్దాల వెనక ఇద్దరం నిలబడ్డాం. ఆవిడ నాకంటే బాగా నిలబడింది. ఇప్పుడు మోకాళ్ళు అంతసేపు ఒప్పుకోవు. ఈగకూ భార్యకూ భయపడి ఊపిరి బిగబట్టిన ఆ అరవై ఏళ్ళ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.